రాగి బిళ్ళ మీద బొట్టు

మా బావ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను కోదాడలో నా మిక్సింగ్ షాపులో కూర్చుని, ఎవరిదో పెళ్ళిలో తాళి కట్టే సీను కట్ చేస్తున్నాను. ఫోను చేసింది మా యారాలు, అంటే ఆయన భార్య. "మీ బావ పోయిండే" అంది. సూర్యాపేటలో పొద్దున్నే షాపు షట్టరు లేపబోయి అక్కడే కూలబడ్డాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే ఖతం. "వస్తున్న అక్కా" అని ఫోను పెట్టేశాను. ఆ మూడు ముళ్ళ ముక్క పూర్తి చేసి, సేవ్ చేసి, అప్పుడు లేచాను. ఏడుపు రాలేదు. రాలేదని ఇక్కడ రాయడానికి నాకు సిగ్గు కూడా లేదు.

సూర్యాపేట కంప్యూటర్ షాపులవాళ్ళు ఆయన గుర్తుగా చిన్న పుస్తకం వేస్తున్నారట. ఇంటిమనిషివి కదా, నాలుగు మంచి మాటలు రాసియ్యమ్మా అని నన్ను అడిగారు. అడిగినవాళ్ళకు మా సంగతి తెలియదు, పాపం. 2001లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. అప్పటినుంచి ఆయన పోయేదాకా మేమిద్దరం తిట్టుకోకుండా మాట్లాడుకున్న రోజు ఒక్కటి గుర్తు చేసుకుందామంటే దొరకడం లేదు. మంచి మాటలే కావాలంటే ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళను అడగండి. నాకు తెలిసింది నేను రాస్తాను. వేస్తే వేయండి, లేకపోతే చింపేయండి.

మా అత్తగారివాళ్ళది పాలకీడు దగ్గర పల్లె. గొర్రెలు కాసుకునే ఇల్లు. అన్నదమ్ములిద్దరు. పెద్దాయన, అంటే మా బావ, సూర్యాపేట వచ్చి కంప్యూటర్లు బిగించే షాపు పెట్టాడు. చిన్నాయన, నా పెనిమిటి, కోదాడలో ఫోటో స్టూడియో పెట్టాడు. పెళ్ళిలో తీసిన వీడియోను అక్కడక్కడా కోసి, పాటలు కలిపి, మధ్యమధ్య పూలూ గుండెకాయ బొమ్మలూ ఎగరేసి సీడీ చేసే పనిని మా దగ్గర మిక్సింగ్ అంటారు. ఆ పని నేను నా పెనిమిటి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. మిక్సింగ్ కంప్యూటరు బిగించి ఇచ్చింది మాత్రం మా బావే.

కంప్యూటర్ అంటే సూర్యాపేట మొత్తంలో తనకు తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. స్క్రూలన్నీ పెదాల మధ్య పెట్టుకుని పని చేసేవాడు. కోపమొస్తే వాటిని అరచేతిలోకి ఉమ్మి, తిట్టాల్సింది తిట్టి, మళ్ళీ నోట్లో పెట్టుకునేవాడు. మిషను నడవడం లేదని ఎవరైనా ఫోను చేస్తే, "ముందు వైరు సూడు, తర్వాత నా మొఖం సూద్దువు" అనేవాడు. సగం సార్లు నిజంగానే వైరు ఊడిపోయి ఉండేది. అది ఇంకా ఒళ్ళు మండే సంగతి. కంప్యూటరు మెల్లగా ఆన్ అవుతుంటే డబ్బా మీద అరచేత్తో చరిచి, గొర్రెలను అదిలించే కూత వేసేవాడు. షాపుకు వచ్చినవాళ్ళు నవ్వితే వాళ్ళనూ తిట్టేవాడు.

మా ఇళ్ళలో బావ వస్తే మరదలు కుర్చీలో కూర్చోకూడదు. కొంగు తలమీదికి లాక్కుని పక్కకు తప్పుకోవాలి. కొత్తలో నేనూ లేచేదాన్ని. మిక్సింగ్ పట్టుబడ్డాక ఎక్కడ లేస్తాను? ఒకరోజు బావ లోపలికి వచ్చాడు. నేను పాటకూ బొమ్మకూ సరిచూసుకుంటూ కూర్చునే ఉన్నాను. "ఏందిరా, నీ పెండ్లాం నన్ను సూసి గూడ లేస్తలేదు?" అన్నాడు తమ్ముడితో. ఆయన నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "లేస్తే పాట తప్పుతది బావా. జర ఆగు, అయినంక లేస్త." ఆ రోజు ఆయన చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మా మధ్య మంట అక్కడ మొదలైంది.

2009లో నా పెనిమిటి కామెర్లు ముదిరి పోయాడు. పదో రోజు కార్యం పూర్తయింది. ఊళ్ళో ఇంటి ముందు పందిరి కింద చుట్టాలందరూ కూర్చుని ఉన్నారు. షాపు సంగతి ఏంటన్న మాట వచ్చింది. మా బావ అప్పటికే హాలియాలో ఒక స్టూడియో అతనితో మాట్లాడి వచ్చాడట, కెమెరా, మిషను అతనికి ఇచ్చేద్దామని. నన్ను అడగనే లేదు. "ఎవ్వరికి ఇచ్చేది లేదు. షాపు నేను నడుపుత" అన్నాను గడపలోంచి.

అప్పుడు అన్నాడు ఆ మాట. "మొగడు సచ్చిన ముండవి. నీ చేత్తోని లగ్గం సీడీ ఎవడు చేపిచ్చుకుంటడే? తాళిబొట్టు మీద నీ చెయ్యి పడనిస్తరా?"

పందిరి కింద అంతమంది ఉన్నారు. అదేం మాట అని ఒక్కరు అనలేదు. మా యారాలు తల వంచుకుంది. నేను ఏడవలేదు, అరవలేదు. మర్నాడే కోదాడ వచ్చి షట్టరు లేపాను.

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చింది గానీ, చాలామంది మనసులో ఉన్నదే. పెళ్ళి వీడియోలు ఇచ్చే నాలుగైదు పార్టీలు తప్పుకున్నాయి. పక్కన ఫ్లెక్సీ షాపు నడిపే ఆవిడ నా మంచి కోరే మనిషి. "మీరు లోపల కూర్చోండమ్మా, వచ్చినోళ్ళతో నేను మాట్లాడతాను. మీరు చేస్తున్నారని వాళ్ళకి చెప్పడం ఎందుకండీ?" అంది. దొంగతనం చేస్తున్నానా దాక్కోవడానికి? షాపు ముందు బల్ల దగ్గరే కూర్చున్నాను. వచ్చినవాళ్ళు నా బోడి నుదురు చూసి, నిజం తెలిసే వీడియో ఇవ్వాలి. ఇవ్వకపోతే నేనూ నా బిడ్డా పల్లెకు పోయి బావ పెట్టింది తినాలి. ఇంతే నా లెక్క.

ఇంత జరిగినా మిషను పాడైతే సూర్యాపేట నుంచి బస్సెక్కి వచ్చేది ఆయనే. నా మీద ప్రేమతో అనుకునేరు. పొగరుతో. "నేను బిగిచ్చిన డబ్బల ఇంకొకడు వేలు పెడితే ఊకోను" అనేవాడు. వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, పని చేసినంతసేపూ తిట్టేవాడు. ఒకసారి నేనే ప్రాసెసర్, అంటే కంప్యూటర్లో లెక్కలన్నీ చేసి వేడెక్కే చిప్పు, దాని మీది ఫ్యాను విప్పి దుమ్ము దులిపి మళ్ళీ బిగించాను. మధ్యలో చిన్న దూది పోగు ఉండిపోయింది. అది చూసి ఆయన వేసిన కేకలకు ఫ్లెక్సీ షాపు ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "ఇది అద్దం లెక్క ఉండాలె. పోగు మందం అడ్డమున్నా వేడి పైకి రాదు. నీకు వంట రాదు, మిషను రాదు" అన్నాడు. నా వంటకూ దూది పోగుకూ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు.

2012 ఎండాకాలంలో అసలు గొడవ వచ్చింది. అప్పటికి కొత్త కెమెరాలు దిగాయి. బొమ్మ అద్దంలా ఉంటుంది గానీ దాన్ని మిక్సింగ్ చేయాలంటే కంప్యూటరుకు చావు. నా షాపు పైన రేకులు. ఎండ ఎక్కేసరికి గది కాలిపోయేది. ప్రాసెసర్ మీది ఫ్యాను మొత్తుకుని మొత్తుకుని, పని సగంలో ఉండగా మిషను దానంతటదే ఆగిపోయేది. మళ్ళీ మొదటినుంచి.

సరిగ్గా అప్పుడే మిర్యాలగూడ నుంచి ఒక రైసుమిల్లు సేటు కూతురి పెళ్ళి వీడియో వచ్చింది. నా పెనిమిటి ఉన్నప్పుడు వాళ్ళింటి ఫంక్షన్లన్నీ మేమే చేశాం. ఆయన పోయాక నా చేతికి వచ్చిన పెద్దింటి పెళ్ళి అదొక్కటే. ఆ ఇంటి పెళ్ళి నా చేతి మీదుగా బయటికి వచ్చిందంటే మిగతావాళ్ళ నోళ్ళు మూతబడతాయని నా ఆశ. మిషను చూస్తే రోజూ మధ్యాహ్నం పడుకుంటోంది. ఇష్టం లేకపోయినా బావకు ఫోను చేశాను.

"ముందు వైరు సూడు" అన్నాడు.

"వైరు గాదు బావా, వేడి. ఫ్యాను ఆగుతలేదు, మిషను ఆగుతున్నది."

"రేపొస్త" అని పెట్టేశాడు.

మర్నాడు ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. హైదరాబాదులో ఎవరో ఆటల పిచ్చి పిలగాడు అమ్మేసిన సామానట. అందులో చిన్న పంపు, రెండు మెత్తటి పైపులు, లారీ రేడియేటరుకు పిల్ల లాంటి రేడియేటరు, అరచేతిలో పట్టే రాగి బిళ్ళ ఒకటి ఉన్నాయి. ప్రాసెసర్ మీద ఫ్యాను తీసేసి ఆ బిళ్ళ కూర్చోబెడతారట. బిళ్ళ కడుపులో నీళ్ళు తిరిగి, వేడిని పట్టుకుపోయి, రేడియేటరులో చల్లారి మళ్ళీ వస్తాయట.

"కంప్యూటర్ల నీళ్ళు పోస్తవా? పిచ్చి గిట్ల లేసిందా నీకు?" అన్నాను.

"నువ్వు నోరు ముయ్యి. మిల్లుల లారీలు గింత ఎండల నడుస్తున్నయంటే నీళ్ళతోనే గాదె? ఇన్వర్టర్ బ్యాటరీల పోసే నీళ్ళు తెప్పియ్యి పో. బోరు నీళ్ళు పోసినవనుకో, పైపుల సున్నం కడ్తది."

తెప్పించాను. ఆయన డబ్బా పక్కకు పడుకోబెట్టి, పాత ఫ్యాను విప్పి, స్క్రూలు నోట్లో పెట్టుకుని, వేడి పైకి ఎక్కడానికి ప్రాసెసర్ మీద రాసి, ఎండిపోయిన పాత పేస్టును స్పిరిట్ దూదితో రుద్దుతూ ఉండగా సేటు లోపలికి వచ్చాడు. వీడియో ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి వచ్చాడనుకుని కుర్చీ వేశాను. ఆయన కూర్చుని, తువ్వాలతో మెడ తుడుచుకుని, నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"ఏమనుకోకమ్మా. నాకైతే ఏం లేదు. ఇంట్ల ఆడోళ్ళు ఒకటే అంటున్నరు. శుభమా అని చేస్కున్న పెండ్లి... ఇంకేడన్న చేపిచ్చుకుంటం. ఆ హార్డ్ డిస్కు వాపస్ ఇయ్యి."

ఏం చెప్పాలి? నా చెయ్యి మంచిదే అని చెప్పాలా? బతిమాలాలా? ముందుగా నా కళ్ళు బావ వైపు పోయాయి. పందిరి కింద తను అన్నదే ఇప్పుడు నిజమైంది. "నేను ముందే చెప్పలేదా" అంటాడని ఎదురుచూశాను. ఆయన నోట్లో స్క్రూలున్నాయి. తల ఎత్తలేదు. ప్రాసెసర్‌ను అద్దంలా మెరిసేదాకా తుడిచాడు. తర్వాత రాగి బిళ్ళ తీసుకుని దాన్నీ తుడిచాడు. అప్పుడు స్క్రూలను అరచేతిలోకి ఉమ్మాడు.

"ఏం పిల్లా, కొత్త సామాను వచ్చింది. బొట్టు పెట్టవా?"

మా దగ్గర మోటారైనా ఫ్రిజ్జయినా, కొత్తది ఏది వచ్చినా పసుపు కుంకుమ పెట్టందే స్విచ్చి వేయరు. నా పెనిమిటి పోయాక నా షాపులో ఆ పని ఫ్లెక్సీ షాపు ఆవిడ చేసేది. నేను ఆమెను పిలవడానికి గుమ్మం వైపు నడిచాను.

"ఆమె ఎందుకు?" అని వెనకనుంచి అరిచాడు. "మిషను ఎవలది? నీది గాదా? నడిపేది ఎవలు? నువ్వు గాదా? నువ్వే పెట్టు. జల్ది కానియ్యి, నాకు సూర్యాపేటల పనున్నది."

సేటు తువ్వాల మెడ దగ్గరే ఆగిపోయింది. నేను దేవుడి పటం కింద ఉన్న భరిణె తీశాను. మూడేళ్ళయింది దాన్ని ముట్టి. ఆయన పట్టుకున్న తీరుకు బిళ్ళ మెరిసే వైపు నాకు ఎదురుగా ఉంది. అదే దాని ముఖమనుకున్నాను. ఆ మెరుపు నడిమధ్యలో తడివేలితో బొట్టు పెట్టాను. పెట్టాక వెలిగింది, ప్రాసెసర్ మీద ఆనేది ఆ వైపే అని. గభాలున దూది అందుకుని తుడవబోయాను.

నా చేతి మీద చెళ్ళున ఒక్కటేశాడు.

"పెట్టిన బొట్టు తుడుస్తరా ఎవరన్న?"

"పోగు అడ్డముంటేనే లొల్లి చేస్తివి గద బావా!"

"గిదేం గాదు తియ్. రెండు డిగ్రీలు ఎక్కువ కొడ్తది. కొట్టనియ్యి."

అని, ప్రాసెసర్ మీద శనగగింజంత పేస్టు పెట్టి, బొట్టుతో సహా బిళ్ళను దాని మీద ఆనించాడు. నాలుగు మూలల స్క్రూలనూ ఒకేసారి బిగించకుండా, ఈ మూల కాస్త, ఎదురు మూల కాస్త, తిప్పుకుంటూ వచ్చాడు. పైపులు తొడిగి క్లిప్పులు వేశాడు. రేడియేటరును కిటికీ బయట నీడలో కట్టాడు. నీళ్ళు పోసి, పైపుల కింద పాత పేపరు పరిచి, ముందు పంపు ఒక్కటే నడిపించాడు. పేపరు మీద చుక్క తడి పడినా మిషను పోయినట్టే. పైపుల్లో బుడగలు గుడగుడమంటూ పోతుంటే ముగ్గురం వంగి పేపరు వైపే చూశాం. తడి పడలేదు. అప్పుడు స్విచ్చి వేసి, డబ్బా మీద చరిచి, గొర్రెల కూత వేశాడు.

"సేటూ, ఎండ దిగేదాక కూసో" అన్నాడు. "నడిమిట్ల మిషను ఆగితే నీ హార్డ్ డిస్కు నీకిస్త, తీస్కపో. ఆగకుంటే ఈ పిల్లనే చేస్తది. దీని చేతికి ఏమైంది? నాకంటే మంచిగ చేస్తది."

ఎండ రేకుల మీద నిప్పులు పోసినట్టు పోసింది. మిషను ఆగలేదు. ఫ్యాను మొత్తుకోలేదు. గదిలో నీళ్ళు తిరిగే చప్పుడు ఒక్కటే వినిపించింది. సేటు రెండు చాయ్‌లు తాగాడు. తెర మీద కూతురి అప్పగింతలు వచ్చినప్పుడు కళ్ళు ఒత్తుకున్నాడు. లేచేటప్పుడు హార్డ్ డిస్కు మాట ఎత్తలేదు. "కానియ్యమ్మా. తాళి కట్టే కాడ మంచి పాట పెట్టు" అని పోయాడు.

ఇక్కడితో మాకు రాజీ కుదిరిందనుకుంటున్నారేమో. లేదు. బావ పెట్టె సర్దుకుని బయటికి వస్తుంటే వెంటపడ్డాను.

"పందిరి కింద అన్న మాట వాపస్ తీస్కో బావా."

"ఏ మాట?" అన్నాడు. గుర్తుండే అన్నాడు, దొంగమొహం.

"తెల్వనట్టు మాట్లాడకు. అందరి ముందు అన్నవు. అందరి ముందే తీస్కో."

"బొట్టు పెట్టిచ్చిన గద. ఇంకేం గావాలె నీకు?"

"మాట గావాలె."

"నీతోని ఎవడు మాట్లాడుతడే" అని రోడ్డు దాటి బస్సెక్కాడు.

ఆ రోజు ఆయన నాకు మేలు చేశాడు. కాదంటే నా కళ్ళు పోతాయి. ఆ పెళ్ళి తర్వాత మిర్యాలగూడ నుంచి నాకు పని ఆగలేదు. నా బిడ్డ చదువు ఆగలేదు. అందుకు దండం పెడతాను. కానీ ముండా అన్నది ఊరు ఊరంతా వినేటట్టు, నీ చేతికి ఏమైంది అన్నది ఒక్క సేటు వినేటట్టు. ఇది ఎక్కడి న్యాయం? తర్వాత ప్రతి చుట్టాల ఇంట్లోనూ అడిగాను. పెళ్ళి పందిట్లో అడిగాను, చావు ఇంట్లో అడిగాను. అడిగినప్పుడల్లా ఆయన లేచి బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోయేవాడు. ఒక్క మాటే కదా. గొంతుకు అడ్డం పడుతుందా?

ప్రతి ఎండాకాలం వచ్చి నీళ్ళు మార్చేవాడు. పైపులు మార్చేవాడు. ఏడాదికోసారి బిళ్ళ కింద పేస్టు కూడా మార్చాలని అందరికీ చెప్పే మనిషి, నా బిళ్ళ మాత్రం విప్పలేదు. "నడుస్తున్నదాన్ని కెలుకుడెందుకు" అనేవాడు. ఈ ఎండాకాలం నీళ్ళు మార్చకుండానే పోయాడు.

పదో రోజు సూర్యాపేట ఇంటి వెనక, స్నానాల చోట, ఆడవాళ్ళందరూ మా యారాలిని పీట మీద కూర్చోబెట్టారు. చేతినిండా గాజులు తొడిగి, తలనిండా పూలు పెట్టి, నుదుటి మీద రూపాయంత బొట్టు పెట్టారు. ఇవన్నీ తీసేయడానికే పెడతారు. తీసేది ఇంట్లో మొగుడు లేని ఆడదే అయి ఉండాలి. నాకు మా అత్త తీసింది. ఇప్పుడు అత్త లేదు. మా పెద్ద ఆడబిడ్డ తడిగుడ్డ తెచ్చి నా చేతికిచ్చింది. "నువ్వే రావాలె. ఇంట్ల నీ లెక్కటిది ఇంకెవరున్నరు?" అంది.

మా యారాలు కళ్ళు మూసుకుని ముఖం పైకెత్తింది. "జల్ది చెయ్యవే" అంది నాతో.

"చెయ్య."

"ఏందే?"

"నేను చెయ్య. ఎవ్వలనూ చెయ్యనియ్య." తడిగుడ్డను గోడ అవతలికి విసిరేశాను.

గోల మొదలైంది. సచ్చినోడికి శాంతి లేకుండా చేస్తావా అంది ఆడబిడ్డ. "లేకపోతే మానె. నాకున్నదా శాంతి?" అన్నాను. నీకేం హక్కు అన్నారు, ఇంటికి అరిష్టం అన్నారు, చదువుకున్న పొగరు అన్నారు. నేను పీట ముందు నిలబడ్డాను, అంతే. ఇది బావ మీద గౌరవంతో చేశానని రాసుకునేరు, వద్దు. నా వంతు వచ్చినప్పుడు పందిరి కింద ఒక్కరు నోరు తెరవలేదు. ఇప్పుడు ఒకరు తెరిచారు. మా యారాలు మెల్లగా కళ్ళు తెరిచి, గాజుల చేత్తో నా కొంగు పట్టుకుని లేచింది. ఆ బొట్టుతోనే ఇంట్లోకి నడిచింది.

తర్వాతి సోమవారం ఇద్దరం కలిసి సూర్యాపేట షాపు షట్టరు లేపాం. ఇన్నేళ్ళూ బావ చేస్తుంటే చూసి నేర్చుకున్న రిపేరు నేను చూస్తాను, కౌంటరు ఆమె చూస్తుంది, వారంలో కొన్ని రోజులు నేను వచ్చిపోతాను అనుకున్నాం. పొద్దెక్కాక ఒకతను చంకలో కంప్యూటర్ డబ్బాతో వచ్చాడు. బావ దగ్గరికి ఎప్పుడూ వచ్చే మనిషే. ఆమె నుదురు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ ఆమె నుదురు చూశాడు. లోపలికి రావాలో వద్దో తెలియక మెట్టు మీదే నిలబడ్డాడు.

"షాపు... నడుస్తున్నదా అమ్మా?"

"గీడ కూసున్న గద, కనపడ్తలేనా?" అంది మా యారాలు.

అతను డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. ఎండ నేరుగా ఆమె ముఖం మీద పడుతోంది. చెమటకు కుంకుమ కరిగి ముక్కు మీదికి కారుతోంది. ఆమె తుడుచుకోలేదు.